కాస్త ఆలస్యంగా

ఇరవై ఒక్క బొత్తాలు.
జిగురు రాసి, పాయ తీసి, ఒక్కొక్కటీ అతికించేసరికి
కేజీహెచ్ కిటికీలో ఎండ
పోలేశ్వరి మోకాలి మీదికి జరిగింది.

"నొప్పెడతాదేటి?"
"లేదమ్మా. వింటామంతే. లోపలికేమీ పంపం."

వాళ్ళమ్మ దానయ్యమ్మ గంప బయటే పెట్టి
గోడకి చేరబడింది.
అయినా గదినిండా కవ్వల వాసన.

తెరమీద పదహారు గీతలు,
ఎవరి బేరం వారిదే, పూర్ణా మార్కెట్టు.
ఒకరి మాట ఒకరికి పట్టదు.
అదే ఆరోగ్యం.
మూర్ఛంటే
మార్కెట్టంతా ఒక్కసారిగా ఒకే మాట అరవడం.

"పెద్దవల లాగినప్పుడు చూడమ్మా,
ఇటు ఇరవై మంది, అటు ఇరవై మంది, ఒకటే దమ్ము.
ఆలాగ దీని ఒళ్ళంతా
ఎవుడో లాగేసినట్టుంటాది," అంది దానయ్యమ్మ.

గురువారాలు యూనివర్సిటీ నుంచి లోకనాథం వస్తాడు.
ఫిజిక్సు కుర్రాడు, చెప్పులు గది బయట విడుస్తాడు.
ఆ కేకకి ముందు
ఏ రెండు గీతలు చేతులు కలిపాయో అతనికి కావాలి.

"కలిసి ఊగినంత మాత్రాన చుట్టాలు కావు మేడం.
బీచిలో ఐస్‌క్రీం బండి గొడుగూ, బుడగల గుత్తీ
ఒకే గాలికి ఊగుతాయి.
వాటిలో వాటికి మాటల్లేవు."

అందుకని ఒక గీతని పది సెకన్లు పక్కకి జరిపి
మళ్ళీ జత కలిపి చూస్తాడు.
జరిపినా అంతే కలిస్తే, కాకి వాలిందీ, తాటిపండు రాలిందీ, అంతే.
జరిపితే విడిపోతే
అప్పుడు కొంచెం నమ్ముతాడు.
ఒక్క తాటిపండు కోసం
కాకిని వందసార్లు వాలనిస్తాడు.
టీ మీద మీగడ కడుతుంది.

ఇంకోటి కూడా చెప్పాడు.
"అచ్చంగా ఒకే క్షణాన లేచాయా, అనుమానించండి.
వీధిలో ఒకే కేక రెండిళ్ళలో వినబడ్డం అది.
నిజంగా మాట్లాడుకునేవాళ్ళ మధ్య
కాస్త ఆలస్యం ఉంటుంది.
మాట నడిచి వెళ్ళాలి కదా."

ఆ రాత్రి కూర్మన్నపాలెంలో నిద్ర పట్టలేదు.
ఇరవై రెండేళ్ళు.
ఒకే సైరనుకి లేచాం, ఒకే కుక్కరు కూతకి కూర్చున్నాం,
ఒకే దోమతెర దించుకున్నాం.
కలిసే ఉన్నామనుకున్నాను.
అదంతా సైరనేనేమో.

గుర్తు చేసుకుంటూ పోతే ఒకటి దొరికింది.
మొన్న మంగళవారం, గోడ చెమ్మెక్కిందన్నాను.
ఆయన పలకలేదు.
శుక్రవారం, సి షిఫ్టు నుంచి వచ్చి
అన్నంలో మజ్జిగ పోసుకుంటూ
"పైన ట్యాంకు పైపు కారుతోంది" అన్నాడు.
మూడు రోజులు.
అది లెక్కకొస్తుందా అని
లోకనాథాన్ని అడగలేదు.

పదకొండుంపావుకి దానయ్యమ్మ గోడ వదిలి లేచింది.
"వస్తంది."
తెరమీద మార్కెట్టు మార్కెట్టులాగే ఉంది.
ఆమె అప్పటికే పిల్లని పక్కకి ఒత్తిగిల్లబెట్టింది.
నాలుగు సెకన్లు.
ఎడమ కణత దగ్గర రెండు గీతలు ఒకటి వెనక ఒకటి తల ఊపాయి.
తర్వాత మూడోది.
తర్వాత పదహారూ.

నిమిషంన్నర పెద్దవల.

పిల్ల నిద్రలోకి జారాక
లోకనాథం ఆ నాలుగు సెకన్లనీ ఎన్ని రకాలుగానో జల్లించాడు.
అక్కడేమీ లేదు.
లేదా మా జల్లెడ కన్నాలు పెద్దవి.

"ఎలా తెలిసిందమ్మా?"

"ఏటి తెల్డం?
రాత్రుళ్ళు దీన్ని ఆనుకునే తొంగుంటాను.
దాని ఊపిరి నా ఊపిరికి
అడ్డం తిరిగిందంతే."

"గోడ దగ్గర్నుంచా?"

ఆమె నవ్వింది, జవాబు చెప్పలేదు.

కొబ్బరినూనె రాస్తూ జిగురు వదిలించాను,
వెంట్రుక తెగకుండా.
రిపోర్టులో దీనికి గడి లేదు.
'గమనించినవారు' అన్నచోట
గరికిన దానయ్యమ్మ అని రాసి,
కొట్టెయ్యబోయి, ఉంచేశాను.

"ఇంకెంతసేపమ్మా,
కవ్వలు మెత్తబడిపోతాయి" అంటోంది,
గుమ్మంలో సగం,
లోపల సగం.